తోబుట్టువులకు ఒకే ఫైలు, ఒకే ఉత్తర్వు, ఒకే ఇల్లు: బాలల సంక్షేమ సమితులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల బాలల సంక్షేమ సమితుల అధ్యక్షులకు, సభ్యులకు, జిల్లా బాలల సంరక్షణ అధికారులకు నమస్కారం.

తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే సమితులు మీవి. ఆ పిల్లలు చాలాసార్లు మీ ముందుకు ఇద్దరుగానో ముగ్గురుగానో వస్తారు. అక్క చంకలో తమ్ముడుంటాడు. అన్న చొక్కా అంచు పట్టుకుని చెల్లెలు నిలబడుతుంది. అలా కలిసి వచ్చిన పిల్లలు సంతకాలయ్యాక తలో దారీ పట్టకుండా చూడమని అడగడానికే ఈ లేఖ. తోబుట్టువులను ఒకే కేసుగా విచారించండి, ఒకే ఉత్తర్వు రాయండి, ఒకే ఇంటికి పంపండి. కుదరని చోట ఎందుకు కుదరలేదో ఉత్తర్వులోనే రాయండి. వాళ్లు మళ్లీ ఎప్పుడెప్పుడు కలుస్తారో తేదీలతో సహా అందులోనే చేర్చండి. వాళ్లను తీసుకున్న ఇంటికి కనీసం మొదటి ఆరు నెలలు తోడుగా ఉండండి.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. సంస్థలో ఉంచినా కుటుంబంలో ఉంచినా, విడిగా ఉండటమే వాళ్లకు మేలని తేలితే తప్ప తోబుట్టువులను కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 39వ సెక్షన్ అంటుంది. ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా బిడ్డను మరో కుటుంబం పెంచే ఏర్పాటు) గురించిన 44వ సెక్షన్ అదే సంగతి మరోసారి చెబుతుంది. ప్రత్యామ్నాయ సంరక్షణపై 2009లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన మార్గదర్శకాలదీ ఇదే దారి. వీటన్నిటిలోనూ విడదీయడం మినహాయింపు. ఆచరణకు వచ్చేసరికి అదే మామూలైపోయి, కలిపి ఉంచడమే మినహాయింపుగా మారింది. ఒకరి వల్ల మరొకరికి నిజంగా హాని జరుగుతున్నప్పుడు, లేదా ఒకరికి ప్రత్యేక కేంద్రంలో తప్ప దొరకని వైద్యం అవసరమైనప్పుడు విడిగా ఉంచడాన్ని మేమూ ఒప్పుకుంటాం. పడకలు ఖాళీ లేకపోవడం, చిన్నవాడికి దత్తత సులువుగా కుదరడం, పెద్దపిల్ల మొండిగా ఉండటం లాంటివి ఆ కోవలోకి రావు.

ఎవరూ కావాలని పిల్లలను విడదీయడం లేదని మాకు తెలుసు. విడిపోవడం మన ఏర్పాట్లలోనే ఉంది. ఆరేళ్లలోపు పిల్లలు శిశు గృహకు వెళ్తారు, ఆరు దాటిన ఆడపిల్లలు బాల సదన్‌కు, మగపిల్లలు బాలుర హోమ్‌కు. తొమ్మిదేళ్ల అక్క, అయిదేళ్ల తమ్ముడు వస్తే మొదటి రోజే రెండు వాహనాలు కావాలి. ఏడాది తిరిగేసరికి తమ్ముడికి ఆరేళ్లు నిండి, శిశు గృహలో అలవాటైన ఆయమ్మ కూడా దూరమవుతుంది. పదేళ్లు దాటిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు హోమ్‌లు ఉండాలన్న నిబంధన భద్రత కోసం పెట్టింది, దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే పదేళ్లలోపు ఆడ, మగ పిల్లలను ఒకే హోమ్‌లో ఉంచడానికి నిబంధనలు వీలిస్తున్నాయి. అయిదు దాటిన వాళ్లకు స్నానాల గదులు, పడక గదులు వేరుగా ఉంటే చాలు. ఈ వెసులుబాటును వాడుకునే హోమ్ ప్రతి జిల్లాలో ఒక్కటైనా ఉంటే చిన్న వయసు తోబుట్టువుల్లో ఎందరో కలిసే ఉంటారు. ఇక బడి సంగతి. గురుకులంలో అయిదో తరగతి సీటు, కస్తూర్బా విద్యాలయంలో ఆరో తరగతి సీటు వచ్చిందంటే అందరూ సంతోషిస్తారు. ఆ సీటు వల్ల తోబుట్టువుల మధ్య ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయో లెక్క చూసేవాళ్లుండరు. మే, జూన్ నెలల్లో పిల్లల బదిలీల జాబితాలు తయారయ్యేటప్పుడే ఇది ఎక్కువగా జరుగుతుంది.

మీ దాకా రాకముందే జరిగిపోయే పంపకం మరొకటి ఉంది. పెద్దకర్మ అయ్యాక బంధువులు వాకిట్లో కూర్చుంటారు. పెద్దదాన్ని మేనత్త తీసుకెళ్తుంది, ఇంటి పనికి అక్కరకొస్తుంది. చంటివాణ్ణి పిల్లలు లేని బాబాయి తీసుకుంటాడు. నడిమివాడు ఎవరికీ అక్కర్లేక అమ్మమ్మ దగ్గర మిగిలిపోతాడు. అందులో ప్రేమా ఉంటుంది, అవసరమూ ఉంటుంది, పిల్లల పేరు మీదున్న ఎకరం పొలం కూడా ఉంటుంది. పిల్లల్ని మాత్రం ఎవరూ అడగరు. కాబట్టి తల్లిదండ్రులిద్దరూ పోయారన్న కబురు అంగన్‌వాడీ టీచర్ నుంచో, ఆశా కార్యకర్త నుంచో, గ్రామ పంచాయతీ కార్యదర్శి నుంచో జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు రెండు మూడు రోజుల్లో చేరాలి. పెద్దకర్మకు ముందే ఒక సామాజిక కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి రావాలి. పిల్లల్ని తీసుకురావడానికి వెళ్లనక్కర్లేదు. కలిపి ఉంచుకునే ఇంటికి ఎలాంటి సాయం అందుతుందో ఆ వాకిట్లో చెబితే చాలు, మాటల తీరే మారుతుంది.

ఆ సాయం చిన్నదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, అంటే ఇంట్లో ఉంచి పెంచడానికి ఇచ్చే డబ్బు, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. బంధువుల ఇంట్లో ఉంటున్న అనాథ పిల్లలు ఈ పథకం పరిధిలో ఉన్నారు. ముగ్గురికి నెలకు 12,000 అంటే కూలి మీద బతికే అమ్మమ్మకూ పెద్దమ్మకూ ముగ్గురినీ కలిపి పెంచగలమన్న ధైర్యం వస్తుంది. ఇబ్బందల్లా కాగితాల దగ్గరే. తల్లిదండ్రులిద్దరి మరణ ధ్రువపత్రాలు, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్, సంరక్షకుల ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా కావాలి. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే నమోదు కాదు. తండ్రి గల్ఫ్‌లోనో, బెంగళూరులో తాపీ పనిలోనో పోయి ఉంటే పత్రం అక్కడి నుంచి తెప్పించుకోవాలి. అరవై అయిదేళ్ల అమ్మమ్మ వల్ల అయ్యే పని కాదది. జిల్లా యూనిట్ సిబ్బందిలో ఒకరికి పేరు పెట్టి ఈ పని అప్పగించండి. తోబుట్టువుల దరఖాస్తులు ఒకే కట్టగా స్పాన్సర్‌షిప్ మంజూరు చేసే కమిటీ ముందుకు పంపండి. ఒకరికి మంజూరై ఇంకొకరికి ఆగిపోతే, డబ్బు వచ్చే బిడ్డ, రాని బిడ్డ అని ఆ ఇంట్లోనే తేడా మొదలవుతుంది.

బంధువుల ఇంటిని చూసి వచ్చే అధికారులు గదులు ఎన్ని, మరుగుదొడ్డి ఉందా, ఆదాయమెంత అని రాసుకుంటారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ ఇంట్లో పొద్దున్న ఎవరు ఎప్పుడు లేస్తారు, గిన్నెలు ఎవరు తోముతారు, పెద్దపిల్ల బడికి వెళ్లే దారి ఏమిటి అని అడగండి. పద్నాలుగేళ్ల పిల్లను మేనమామ ఇంటికి పంపుతుంటే, ఆ ఇంట్లో పెళ్లికాని మేనమామ గానీ బావ గానీ ఉన్నారా అని మొహమాటం లేకుండా తెలుసుకోండి. ‘ఎప్పటికైనా మా ఇంటి కోడలేగా’ అన్న మాట వినబడితే, 18 ఏళ్లలోపు పెళ్లి నేరమని చెప్పి, అలా చేయబోమని లిఖితపూర్వకంగా హామీ తీసుకోవాలి, ఆ ఇంటికి మరింత తరచుగా వెళ్లిరావాలి. అమ్మమ్మ ఒక్కతే పెంచుతుంటే, ఆమెకు ఒంట్లో బాగోని రోజున పిల్లల్ని చూసేదెవరో ఆ రెండో మనిషి పేరు ముందే ఉత్తర్వులో ఉండాలి. లేకపోతే ఆమె ఆస్పత్రిలో చేరిన రోజునే పిల్లలు విడిపోతారు.

ఆస్తి గురించి ఒక్క మాట. చేతుల మీదుగా పెంచుతున్నంత మాత్రాన మైనర్ ఆస్తిని అమ్మే హక్కు బాబాయికో మేనమామకో రాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 11వ సెక్షన్ దీన్ని స్పష్టంగా చెబుతోంది. పొలం, ఇల్లు, ప్రమాద పరిహారం, బీమా, పీఎఫ్ ఏమేమున్నాయో మొదటి నెలలోనే జాబితా రాసి ఫైలులో పెట్టండి. పిల్లల పేరు మీద ఏముందో సమితికి తెలుసని బంధువులకు తెలియడం కూడా పిల్లలకు ఒక రక్షణ.

స్టాంపు కాగితం మీద రాసుకునే దత్తతల గురించి గట్టిగా హెచ్చరించక తప్పదు. తల్లిదండ్రులిద్దరూ లేని బిడ్డను హిందూ దత్తత, భరణ చట్టం కింద ఇవ్వాలంటే సంరక్షకుడు ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. నోటరీ కాగితం చెల్లదు. తోబుట్టువుల విషయంలో ఇంకో చిక్కుంది. ఆ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కొడుకు ఉన్నవాళ్లు మరో కొడుకును, కూతురు ఉన్నవాళ్లు మరో కూతురును దత్తత తీసుకోలేరు. అంటే ఇద్దరు అన్నదమ్ములను ఒకే దంపతులు ఆ చట్టం కింద తీసుకుంటే రెండో దత్తత నిలవదు. ఒకడు వారసుడవుతాడు, రెండోవాడికి ఏ హక్కూ ఉండదు. జువెనైల్ జస్టిస్ చట్టంలో ఈ అడ్డు లేదు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, రెండు వైపుల తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ ఆ చట్టంలో బంధువుల కిందికి వస్తారు. 2021 సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు, రెండు నెలల్లో తేల్చాలి. బంధువులకు ఈ దారి చెప్పేవాళ్లు లేకే నోటరీ దగ్గరికి వెళ్తున్నారు.

బంధువులెవరూ లేనప్పుడు, ఉన్నా తగనివాళ్లయినప్పుడు కొత్త కుటుంబం వెతకాలి. ఇక్కడ తోబుట్టువులను విడదీసేది గడియారం. రెండేళ్లలోపు బిడ్డను దత్తతకు చట్టబద్ధంగా అర్హురాలని రెండు నెలల్లో ప్రకటించాలి, అంతకు పైబడిన బిడ్డకు గడువు నాలుగు నెలలు. ఏడాదిన్నర చెల్లెలి కాగితం ఆరేళ్ల అక్క కాగితం కంటే రెండు నెలలు ముందే సిద్ధమవుతుంది. ఎదురుచూస్తున్న దంపతుల్లో ఎక్కువమందికి కావలసింది చంటిబిడ్డ. చెల్లెలి పేరు ఒంటరిగా దత్తతల ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్లిందా, ఇక అక్క తన చెల్లెల్ని చూడదు. అందుకే ఇద్దరి విచారణా ఒకేసారి ముగించి, ఒకే తేదీన ప్రకటించండి. ప్రతి ఉత్తర్వులోనూ మిగతా తోబుట్టువుల పేరు, వయసు, వాళ్లు ఎక్కడున్నారో రాయండి. ఇద్దరినీ జంటగానే నమోదు చేయించండి.

జంటగా తీసుకునే దంపతులకు వయసు నిబంధన గురించి ముందే చెప్పాలి. 2022 దత్తత నియమాల ప్రకారం దంపతులిద్దరి వయసు కలిపి రెండేళ్లలోపు బిడ్డకు 85, నాలుగేళ్లలోపు 90, ఎనిమిదేళ్లలోపు 100, ఆ పైన 110 దాటకూడదు. బిడ్డకూ వాళ్లకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. చంటిబిడ్డకు వయసు మించిపోయిందని నిరాశపడ్డ నలభై అయిదేళ్ల దంపతులకు ఆరేళ్లు, తొమ్మిదేళ్ల అక్కచెల్లెళ్లు దొరికే దారి ఇందులో ఉంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. దత్తత కుదరని పిల్లలకు ఫోస్టర్ కేర్ ఉంది. 2024 నమూనా మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు బిడ్డను పెంచిన ఫోస్టర్ కుటుంబం దత్తత కోరవచ్చు. తోబుట్టువులను చూసి భయపడే దంపతులకు ఇది మంచి తొలిమెట్టు.

విచారణ నివేదికలో, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో తోబుట్టువుల అనుబంధం గురించి సాధారణంగా ఒక్క గీతే కనబడుతుంది: ‘ఒక అక్క, ఒక తమ్ముడు కలరు’. దీని బదులు అర పేజీ రాయమని అడుగుతున్నాం. రాత్రి ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు? చిన్నవాడు నిద్రలో లేస్తే ఎవరిని పిలుస్తాడు? దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పరిగెడతాడు? ఒకరు లేకుండా ఇంకొకరు అన్నం తింటారా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాస్తే ఎవరిని ఎవరి నుంచి విడదీయకూడదో తెలిసిపోతుంది. పిల్లలతో విడివిడిగా మాట్లాడండి, కలిపీ మాట్లాడండి. కలిసి ఉన్నప్పుడు పెద్దపిల్లే అందరి తరఫునా జవాబిస్తుంది. విడిగా కూర్చోబెడితే గానీ చిన్నవాడి గొంతు వినబడదు. పుట్టుకతో తోబుట్టువులు కాకపోయినా ఒకే కంచంలో తిని పెరిగిన సవతి పిల్లలు, పెద్దమ్మ పిల్లలు ఉంటారు. వాళ్లనూ ఈ లెక్కలోకి తీసుకోండి.

ఇక కొత్త ఇంటి సంగతి. కలిపి పంపడంతో సగం పనే అయినట్టు. చాలా ఏర్పాట్లు రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య చెడిపోతాయి. ఎందుకు చెడతాయో ముందే చెప్పి పంపితే ఆ కుటుంబం నిలబడుతుంది.

మొదట పెద్దపిల్ల గురించి. తల్లి జబ్బుపడిన నాటి నుంచే ఆ పిల్ల తమ్ముడికి తల్లయింది. కొత్త ఇంట్లో అమ్మ అన్నం కలిపి చిన్నవాడి నోటికి అందించబోతే, పిల్ల గిన్నె లాక్కుని తానే పెడుతుంది. ఇంటివాళ్లకు అది పొగరుగా కనిపిస్తుంది. తన చేతిలో మిగిలిన ఒక్క పని కూడా పోతోందన్న భయం అది. ఆ పనిని ఒక్కరోజులో లాక్కోకూడదు. మొదటి రెండు మూడు వారాలు ఆమెనే పెట్టనివ్వాలి, కొత్త తల్లి పక్కన కూర్చోవాలి. తర్వాత రాత్రిపూట లేచే పని ముందుగా తీసుకోవాలి, ఎందుకంటే ఆ పిల్లకు అన్నిటికన్నా అవసరమైంది నిద్ర. ‘వాడు లేస్తే నేను చూస్తా, నువ్వు పడుకో’ అని చెప్పి, నిజంగా లేవాలి. అది కుదిరాక తలస్నానం, ఆ తర్వాత బడి సంచి. అన్నం పెట్టడం అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే పిల్ల ఎదురుతిరుగుతుంది, కుదిరితే విచిత్రం జరుగుతుంది: పదేళ్ల పిల్ల హఠాత్తుగా ముద్దుముద్దుగా మాట్లాడుతుంది, నాకూ కలిపి పెట్టమంటుంది. పెట్టండి. ఆమె పోగొట్టుకున్న వయసది.

తిండి దాచుకోవడం తప్పకుండా జరుగుతుంది. దిండు కింద బిస్కెట్లు, పుస్తకాల మధ్య చపాతీ, చీమలు పట్టిన అరటిపండు దొరుకుతాయి. దాన్ని దొంగతనం అనొద్దు. మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా పిల్లలిద్దరికీ చెరొకటి ఇచ్చి, వాళ్ల మంచం దగ్గరే పెట్టుకోనివ్వాలి. మరమరాలు, పల్లీ చిక్కీ లాంటివి రోజూ సాయంత్రం వాళ్లు చూస్తుండగానే నింపాలి. ఒక డబ్బాలోంచే ఇద్దరినీ తీసుకోమంటే పెద్దది తన వాటా చిన్నవాడికి వదిలేస్తుంది. కొన్ని వారాలకు డబ్బా తెరవకుండానే మిగిలిపోతుంటుంది. అప్పుడు డబ్బా తీసేయొద్దు, దాన్ని పిల్లలే మర్చిపోతారు.

పడక మొదటి నెలల్లో ఒకే గదిలో ఉండాలి, చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. అయిదారేళ్ల పిల్లలు మళ్లీ పక్క తడపడం మామూలే. పరుపు మీద రబ్బరు షీటు వేసి, పడుకునే ముందు బాత్రూముకు తీసుకెళ్తే చాలు. తెల్లవారకముందే అక్క లేచి దుప్పటి దాచేస్తుంటే, తిట్లు తినాల్సి వస్తుందని భయపడుతోందన్నమాట. ఉతికే పని పెద్దవాళ్లదేనని ఆమెకు ముందే చెప్పాలి.

పిల్లలతో పాటు వచ్చిన సంచిని పారేయకూడదు. అమ్మ చీర ఉంటే ఉతకకూడదు, ఆ వాసన కోసమే పిల్లలు దాన్ని కప్పుకుంటారు. నాన్న ఫోను ఉంటే వెంటనే రెండు పనులు చేయాలి. అందులోని ఫొటోలు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వేరే చోట భద్రపరచాలి, సిమ్ రీఛార్జి ఆపకుండా చూడాలి. రీఛార్జి లేక నంబరు రద్దయి ఇంకెవరికో వెళ్లిపోతే, ఒకరోజు పిల్లవాడు నాన్న నంబరుకు ఫోన్ చేసినప్పుడు కొత్త గొంతు పలుకుతుంది. కొత్త ఇంటికి పంపేటప్పుడు మీ సిబ్బంది ఇచ్చే కాగితాల్లో ఈ జాగ్రత్త ఒక వాక్యంగా ఉండాలి.

చావు గురించి అబద్ధం చెప్పకూడదు. ‘ఊరెళ్లారు’, ‘నిద్రపోయారు’ అంటే చిన్నపిల్లలు వాకిలి వైపు చూస్తూ ఎదురుచూస్తారు, లేదా నిద్రపోవడానికే భయపడతారు. ‘అమ్మ చనిపోయింది, ఇక రాదు, అందులో నీ తప్పు లేదు’ అని తేటగా చెప్పాలి, అడిగినప్పుడల్లా విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి. అక్కకు ఒక మాట, తమ్ముడికి ఒక మాట చెబితే రాత్రి ఇద్దరూ మాట్లాడుకుంటారు, రెండూ కుదరకపోతే ఇంట్లో ఎవరినీ నమ్మరు.

‘అమ్మా’ అని పిలవమని బలవంతం చేయొద్దు. పిన్ని, అత్త, పెద్దమ్మ, ఏది నోటికి వస్తే అది పిలవనివ్వాలి. చిన్నవాడు నెలలోపే అమ్మా అంటాడు. ఆ రోజు అక్క వాణ్ణి చాటుకు తీసుకెళ్లి గిల్లుతుంది, సొంత అమ్మకు ద్రోహం చేశాడని ఆమె కోపం. ఇద్దరిలో ఎవరినీ మందలించకుండా, మీ అమ్మ ఎప్పటికీ మీ అమ్మే అని ఇద్దరికీ వినిపించేలా చెబితే ఆ కోపం తగ్గుతుంది. పిల్లల పేర్లు మార్చడం కూడా ఈ కోవలోనిదే, మార్చకండి.

నమ్మకం పెద్ద మాటలతో రాదు. అయిదింటికి బడి దగ్గరికి వస్తానంటే అయిదింటికే గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమయ్యేట్టుంటే టీచరుకు ఫోన్ చేసి చెప్పాలి. ఒకసారి ఇంటి నుంచి వెళ్లిన తల్లిదండ్రులు తిరిగి రాని పిల్లలకు పది నిమిషాల ఆలస్యం మామూలు ఆలస్యం కాదు.

మొదటి నెలంతా పిల్లలు అతి బుద్ధిగా ఉంటారు. ఆరో వారం, ఎనిమిదో వారం వచ్చేసరికి అబద్ధాలు, అరుపులు, వస్తువులు పగలగొట్టడం మొదలవుతాయి. ఇల్లు కుదిరిందన్న ధైర్యంతోనే ఇవి బయటికి వస్తాయి. ఇలా చేస్తే కూడా మమ్మల్ని ఉంచుకుంటారా అని పరీక్షిస్తున్నారు. అప్పుడు నోటి నుంచి రాకూడని మాట ‘హోమ్‌కి పంపించేస్తాం’. ఒక్కసారి అంటే నెలల పని నీళ్లపాలు. ఈ దశలోనే ఆ కుటుంబం మీ దగ్గరికి వచ్చి, చిన్నవాణ్ణి ఉంచుకుంటాం, పెద్దదాన్ని తీసుకెళ్లండి అని అడుగుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అదే. ఆ రోజే సంతకం పెట్టొద్దు. కౌన్సెలర్‌ను మూడు రోజుల్లో ఆ ఇంటికి పంపండి, రెండు వారాల గడువు ఇవ్వండి. ఇంటివాళ్లకు ఊపిరి తిప్పుకునే వ్యవధి అవసరమైతే, పిల్లలకు తెలిసిన మనిషి దగ్గర ఇద్దరినీ కలిపి నాలుగు రోజులు ఉంచండి. తమ్ముణ్ణి మంచివాడు, అక్కను చెడ్డది అని పోల్చే మాటలు ఆ ఇంట్లో ఎప్పటి నుంచి మొదలయ్యాయో కనుక్కోండి, గొడవ మూలం తరచూ అక్కడే దొరుకుతుంది.

ఫోస్టర్ ఇళ్లను నెలకోసారి చూసి రావాలని చట్టం చెబుతోంది. మొదటి నెలలో వారానికోసారి వెళ్లండి. రెండో, మూడో నెలల్లో పదిహేను రోజులకోసారైనా వెళ్లండి. దత్తత ఇళ్లకు రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి నివేదిక అన్నది తోబుట్టువుల విషయంలో మరీ పలచన. వెళ్లినప్పుడు ఇంటివాళ్లతో హాల్లో కూర్చుని టీ తాగి రావడం కాకుండా, పెద్దపిల్లతో పది నిమిషాలు బయట నడవండి.

నిజంగానే విడిగా ఉంచాల్సి వస్తే కలయిక ప్రణాళిక లేకుండా ఉత్తర్వు ఇవ్వకండి. ‘అప్పుడప్పుడు కలిపించవలెను’ అని రాస్తే ఎవరూ కలిపించరు. నెలలో ఏ రెండు ఆదివారాలు, ఏ హోమ్‌లో, ఎన్ని గంటలు, ఎవరు తీసుకెళ్తారు, బస్సు ఛార్జీ ఏ పద్దు నుంచి వస్తుంది అన్నవి రాయాలి. సంక్రాంతి, వేసవి సెలవులు, ఇద్దరి పుట్టినరోజులు, తల్లిదండ్రుల తద్దినం అందులో ఉండాలి. వారానికోసారి వీడియో కాల్ మంచిదే గానీ, అయిదేళ్లలోపు పిల్లలు ఫోన్‌లో రెండు నిమిషాలకు మించి మాట్లాడరు. వాళ్లకు పక్కన కూర్చుని ఆడుకునే సమయమే కావాలి. సూపరింటెండెంట్ ఫోన్ మీద, సూపరింటెండెంట్ ఎదుట మాట్లాడించే కాల్‌లో పిల్లలు ఏదీ చెప్పరు. అల్లరి చేశాడని శిక్షగా ఆ కాల్‌ను, ఆ కలయికను రద్దు చేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. దాన్ని లిఖితపూర్వకంగా నిషేధించండి. విడదీసిన కారణం ఇంకా ఉందో లేదో మూడు నెలలకోసారి చూడండి. కారణం పోయిన రోజున పిల్లలు కలవాలి.

వచ్చే మే నెలలో బదిలీల జాబితాలు వేసేలోగా ఒక పని చేయండి. మీ జిల్లాలోని శిశు గృహ, బాల సదన్, హోమ్‌ల రిజిస్టర్లు ఒకచోట పెట్టి, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ పోల్చి చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు అక్షరాలు ఒక్కొక్కరికి ఒక్కోలా పడి ఉంటాయి కాబట్టి పేరు ఒక్కటే చూస్తే దొరకరు. పిల్లల్నే అడగండి, అక్క ఎక్కడుందో తమ్ముడికి గుర్తుంటుంది. అలా దొరికిన ప్రతి జంటనూ తర్వాతి సిటింగ్‌లో కలిపి పిలవండి. పక్క జిల్లాలో ఉంటే ఆ జిల్లా సమితికి ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా ఆ పిల్లల్లో ఎవరి బదిలీ మీదా సంతకం పెట్టకండి.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో బాలల సంరక్షణలో పనిచేస్తున్న సామాజిక కార్యకర్తలు, కౌన్సెలర్లు, ఫోస్టర్ తల్లిదండ్రులు